మేస్త్రి గారికి నేను గిట్టను

ఈ వేళ పొద్దున్న షెడ్డు తలుపు తియ్యగానే మామిడి సొన వాసన గుప్పుమంది. నిన్న సాయంత్రం కోసిన పుల్లల్ని మావాళ్లు తడిగోనెలో చుట్టి బల్ల మీద పెట్టి వెళ్లారు. రాత్రంతా మూసి ఉన్న షెడ్డులో ఆ వాసన ఊరి ఊరి, ఘాటుగా, కాస్త పులుపుగా, గొంతులోకి దిగేటట్టు ఉంది. తొలకరి పడ్డాక కడియంలో మా నర్సరీలో మొక్కలకి అంట్లు కట్టే కాలం మొదలయ్యేది ఈ వాసనతోనే. వేరేవాళ్లకి దీంతో ఆవకాయ గుర్తొస్తుందేమో. నాకు మాత్రం ఒక మనిషి గుర్తొస్తారు. ఆయన పేరు వీర్రాజు గారు. నా కంటే ముందు ఈ షెడ్డుకి మేస్త్రి. పన్నెండేళ్లు ఆయన కింద పనిచేశాను. ఆ పన్నెండేళ్లలో ఒక్క రోజు కూడా నేను ఆయనకి గిట్టలేదు.

పైకి కారం, లోపల బెల్లం అన్న తరహా మనుషుల గురించి చాలామంది రాస్తారు. వీర్రాజు గారు ఆ తరహా కాదు. నన్ను చూస్తే ఆయన మొహం ముడుచుకునేది. ఆ ముడత వెనకాల ఏ వాత్సల్యమూ దాక్కుని లేదు, వెతికి చూసే చెబుతున్నాను. అయినా ఈ రోజు నా చేతిలో ఉన్న పని, నేను తింటున్న ముద్ద ఆయన పెట్టినవే. ఈ రెండూ ఎలా కుదిరాయో చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. ఈ రోజే కూర్చోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. మా యజమాని రావుగారి అమ్మాయి సుధగారు నిన్న ఫోన్ చేశారు. ఇప్పుడు నర్సరీ అంతా ఆవిడే చూసుకుంటున్నారు. కాలవ అవతల కొత్త షెడ్డు వేయిస్తున్నామనీ, దానికి మేస్త్రిగా మా అంట్లు కట్టేవాళ్లలో ఒకరి పేరు ఈ రోజు సాయంత్రంలోగా చెప్పమనీ అడిగారు. చెప్పాల్సిన పేరేమిటో నాకు తెలుసు. అది నోటికి రావడం లేదు. అది కళావతి పేరు, కళావతి అంటే నాకు ఒళ్లుమంట.

నేను ఈ నర్సరీకి వచ్చినప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. రామచంద్రపురంలో బి.ఏ. చదివాను, అందులోనూ తెలుగు ప్రత్యేకంగా. మా నాన్నగారు లూథరన్ చర్చిలో హార్మోనియం వాయించేవారు, వారం రోజులూ ఒక స్కూల్లో గుమాస్తా. మా ఇంట్లో చదువంటే గౌరవం ఎక్కువ, దానికి తగ్గ ఉద్యోగం రావడమే తక్కువ. చివరికి రావుగారు మొక్కల కార్డులు రాసే పనిలో పెట్టుకున్నారు. ఒక్కో మొక్కకీ చిన్న అట్టముక్క కట్టి, దాని మీద పేరూ, వివరమూ రాయాలి. ఆ వివరాలు చెప్పేది వీర్రాజు మేస్త్రి గారు. సన్నగా, పొట్టిగా, ఎప్పుడూ చొక్కా చేతులు మోచేతుల పైకి మడిచి ఉండే మనిషి. కోరుకొండ తీర్థానికి ఏడాదికి ఒక్క రోజు సెలవు పెట్టేవారు. తక్కిన రోజులన్నీ షెడ్డులోనే.

ఆయనకి ఒక పద్ధతి ఉండేది. మొక్కకి ఏం కావాలో కార్డు మీద రాయనిచ్చేవారు కాదు, దానికి ఏది గిట్టదో అది రాయమనేవారు. గులాబీకి నీడ గిట్టదు. కరివేపాకుకి మాటిమాటికీ చోటు మార్చడం గిట్టదు. కొన్నవాళ్లందరూ ఏ ఎరువు వెయ్యాలి, ఎన్ని నీళ్లు పొయ్యాలి అని అడుగుతారుగానీ దేన్ని ఓర్చుకోలేదో ఎవరూ అడగరని ఆయన బాధ. గిట్టనిది పెట్టకుండా ఉంటే చాలు, మిగతాది మొక్కే చూసుకుంటుందనేవారు. నేను ఆయన వెనకాల పుస్తకం పట్టుకుని వరసల మధ్య నడుస్తూ రాసుకునేదాన్ని.

అక్కడే నా బి.ఏ. నా కొంప ముంచింది. ఆ 'గిట్టదు' అన్న మాట నాకు నచ్చేది కాదు. పొలం గట్టు మీద మాట, రాతలో బాగుండదు అనుకునేదాన్ని. మామిడి అంటు దగ్గర నిలబడి ఆయన, "దీనికి నిలవ నీళ్లు గిట్టవు" అన్నారు. నేను కార్డు మీద నా చేతి నగిషీ పెట్టి రాశాను. అట్టముక్క చిన్నది, 'నిలవ' అన్న ముక్క పట్టలేదు, దాన్ని వదిలేశాను. 'ఈ మొక్క నీటిని ద్వేషిస్తుంది' అని ముత్యాల్లాంటి అక్షరాలతో పది కార్డులు రాసి, పది అంట్లకీ కట్టాను.

ఆ పదీ రాజమండ్రి నుంచి ఒక బ్యాంకు ఆఫీసరు గారు కొనుక్కెళ్లారు, మేడ మీద పెద్ద తొట్లలో పెంచుకుందామని. రెండు నెలల తర్వాత ఆటోలో ఆ పది తొట్లూ వేసుకుని మళ్లీ వచ్చారు. అన్నీ ఎండు పుల్లలు. ఆయన గొడవ పెట్టుకోలేదు, అదే నాకు ఇంకా సిగ్గనిపించింది. కార్డు చూపించి, "గిట్టదు అని ఉంటే తగ్గించి పోసేవాణ్ణమ్మా. ద్వేషిస్తుంది అని రాస్తే ఎవరు పోస్తారు, భయం వెయ్యదూ?" అన్నారు. షెడ్డులో ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. వీర్రాజు గారు నవ్వలేదు. ఆ పది అంట్లూ ఆయన చేత్తో కట్టినవి. ఒక్కో పుల్లనీ తిప్పి చూసి, గోటితో బెరడు గీరి చూసి, లోపల పచ్చదనం ఎక్కడా లేదని తేల్చుకున్నాక నా వైపు తిరిగారు.

"అర్థం తెలీకుండా మాట మార్చకూడదమ్మాయ్," అన్నారు.

నాకు ఒళ్లు మండింది. తప్పు నాదే, అందుకే ఎక్కువ మండింది. "అయితే గిట్టదు అంటే అర్థం ఏంటో మీరు చెప్పండి," అన్నాను.

"నాకూ తెలీదు. అందుకే మార్చను."

ఆ సాయంత్రం రావుగారు నన్ను పిలిచి, మెత్తగానే, వేరే పని చూసుకోమన్నారు. నేను వెళ్లనన్నాను. పది అంట్లు నా వల్ల పోయాయి కాబట్టి పది అంట్లు నా చేత్తో కట్టి బతికించి ఇచ్చాక వెళ్తానన్నాను. అంత మాట ఎందుకన్నానో నాకిప్పటికీ తెలీదు, అప్పటికి కత్తి పట్టుకోవడం కూడా రాదు నాకు. పైగా మా షెడ్డులో ఆడవాళ్లు సంచుల్లో మట్టి నింపడం, నీళ్లు పెట్టడం, కట్టలు మోయడం తప్ప అంట్లు కట్టేవారు కాదు. రావుగారు నవ్వి మేస్త్రిని అడగమన్నారు. ఆయన గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నారు, అడిగే పని లేకపోయింది. "ఈ అమ్మాయి నాకు గిట్టదండి," అన్నారు రావుగారితో, నేను ఎదురుగా ఉండగానే. "కానీ పది పోయిన మాట నిజం కదండి, ఆయ్. పది కట్టి వెళ్లమనండి."

అంటు కట్టడం చూడ్డానికి చాలా తేలిక. మామిడి టెంక నాటితే మొలిచిన మొక్కని జానెడు ఎత్తులో కోస్తాం. మోడు మధ్యలో అంగుళమున్నర చీలుస్తాం. మంచి చెట్టు నుంచి తెచ్చిన పుల్లని, అంతే లావుది, కింద రెండు వైపులా చెక్కి ఆ చీలికలో దింపుతాం. పాలిథీన్ టేపు బిగించి చుట్టి, పైన పాల ఐసుకి వేసే సన్నటి ప్లాస్టిక్ కవరు తొడుగుతాం. మూడు వారాలకి రాగిరంగు చిగురు వస్తే బతికినట్టు. నల్లబడితే పోయినట్టు. ఇంతే. ఈ ఇంతే నేర్చుకోవడానికి నాకు ఒక వానాకాలం మొత్తం పట్టింది.

వీర్రాజు గారు షెడ్డు ఈ చివర కూర్చునేవారు, నన్ను ఆ చివర తలుపు దగ్గర కూచోమన్నారు. మధ్యలో పన్నెండు మంది. ఆయన చెప్పింది నాకు వినపడేది కాదు, మణికట్టు ఎలా తిరుగుతోందో దూరం నుంచి చూసి నేర్చుకోవాల్సిందే. నా మొదటి పదీ నల్లబడ్డాయి. నూకాలమ్మ అనే ఆవిడ వాటిని గంపలో వేసుకుని ఆయన దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన ఒక్కోదాని టేపూ విప్పి చూసి, ఏదో చెప్పి పంపారు. నూకాలమ్మ వచ్చి, "ఇందులో గాలి ఉందంటండి. ఇది మీరు రెండుసార్లు చెక్కారంట. ఇది టేపు కింద నుంచి కాకుండా పై నుంచి చుట్టారంట," అని అప్పగించింది. పదింటికీ పది తప్పులు, ఒక్కటీ వదల్లేదు. నాకు అప్పుడు అది కక్షలా కనిపించింది. రెండో విడత పదిలో రెండు బతికాయి. ఎనిమిది తప్పులు మళ్లీ గంపలో నడుచుకుంటూ వచ్చాయి.

ఈలోపు ఆదివారం చర్చి అయ్యాక రామచంద్రపురం లైబ్రరీకి వెళ్లే అలవాటు పెట్టుకున్నాను. మేస్త్రిని ఆ మాటతోనే ఓడించాలి, అదీ నా పట్టుదల. నిఘంటువులో 'గిట్టు' దగ్గర వరసగా అర్థాలు ఉన్నాయి. సరిపడు, అనుకూలించు. దొరుకు. లాభించు. ఇక్కడిదాకా బాగానే ఉంది, మా రైతులు ధర గిట్టలేదు అనేది ఇదే. ఆ కిందే ఇంకో అర్థం, చచ్చిపోవు. పుట్టడం గిట్టడం అంటాం కదా, అది. ఒకే మాటకి సరిపడడమూ, చావడమూ ఎలా వచ్చాయో నాకు అంతు పట్టలేదు. 'గిట్టదు' అంటే చావదు అని కూడా అనుకోవచ్చు కదా అని నాలో నేనే నవ్వుకుని పుస్తకం మూసేశాను. ద్వేషం అన్న అర్థం మాత్రం ఎక్కడా లేదు. ఆ సంగతి ఆయనకి చెప్పలేదు, చెబితే గెలిచేది ఆయనే కాబట్టి.

మూడో విడతకి నాకో అనుమానం పట్టుకుంది. పొద్దున్నే పుల్లల కట్టలు పంచేది మేస్త్రి గారే. నేనంటే గిట్టని మనిషి నాకు మంచి పుల్లలు ఎందుకిస్తాడు? లావు తేడావో, ముదురువో, కన్ను, అంటే చిగురేసే మొగ్గ, పొంగనివో ఇస్తున్నాడు, అందుకే పోతున్నాయి అని లెక్క కట్టాను. ఒకసారి అలా అనుకున్నాక ప్రతిదీ దానికి సాక్ష్యంలాగే కనిపించింది. ఒక రోజు ఆయన టీకి లేచినప్పుడు నా కట్టని పక్కనున్న ఆయన మేనల్లుడు సూరిబాబు కట్టతో మార్చేశాను. సూరిబాబంటే ఆయనకి ప్రాణం, కాబట్టి మంచివన్నీ అక్కడే ఉంటాయని. ఆ పదీ ఎంతో జాగ్రత్తగా కట్టాను. గాలి లేకుండా, ఒకే చెక్కుతో, కింద నుంచి టేపు. మూడు వారాలకి చూస్తే ఒక్కటే బతికింది. సూరిబాబు కట్టినవి మాత్రం తొమ్మిది చిగురేశాయి.

ఈసారి గంప రాలేదు. ఆయనే నడుచుకుంటూ వచ్చి నాకు నాలుగడుగుల దూరంలో ఆగారు. షెడ్డంతా చేతులాపి చూస్తోంది.

"మంచివి నీకిచ్చాను. మార్చుకున్నావు," అన్నారు.

దొరికిపోయిన కోపం వేరు, అందులో మర్యాద ఉండదు. "నేను మీకు గిట్టను కదా, నాకెందుకిస్తారండి మంచివి?" అన్నాను.

"గిట్టవు," అన్నారు, ఏదో అందరికీ తెలిసిన విషయమే చెబుతున్నట్టు. "పుల్లేం చేసింది?"

అంతే, తిరిగి వెళ్లిపోయారు. చెయ్యి తిరగనివాళ్లకి కన్ను బాగా పొంగిన పుల్లలు ఇవ్వాలి, చెయ్యి తిరిగినవాళ్లు ఎలాంటివాటినైనా బతికిస్తారు. అందుకని మొదటి రోజు నుంచీ ఏరి మంచివి నాకూ, మిగిలినవి సూరిబాబుకీ వేస్తున్నారట. తర్వాత సూరిబాబే చెప్పాడు, నవ్వుతూనే. నేను ఆ రోజు బస్సులో ఏడ్చాను. పట్టుబడినందుకు కాదు. నాకు ఎవరైనా గిట్టకపోతే వాళ్లకి మంచి పుల్ల ఇచ్చేదాన్నా అని నన్ను నేను ప్రశ్నించుకుని, ఇవ్వను అని తేలినందుకు.

ఆ మాట అర్థం చివరికి లైబ్రరీలో దొరకలేదు, లారీ వెనకాల దొరికింది. మా మొక్కలు దేశమంతా వెళ్తాయి. ఆ వారం తమిళనాడు లారీ ఒకటి లోడుకి వచ్చింది. వాన పడి దారి బురదగా ఉంది, లారీని వెనక్కి నడిపి షెడ్డు గుమ్మానికి ఆనించాలి. క్లీనరు కిందికి దిగి, లారీ బాడీ మీద చేత్తో కొడుతూ డ్రైవరుకి అరుస్తున్నాడు, "కిట్ట వా! ఇన్నుం కిట్ట వా!" నా చేతిలో కత్తి ఆగిపోయింది. వానలో బయటికి వెళ్లి కిట్ట అంటే ఏమిటని అడిగాను. అతనికి వచ్చిన తెలుగు కొంచెమే. గుమ్మాన్నీ లారీనీ చూపించి, రెండు అరచేతులూ ఒకదానికొకటి చేర్చి, "దగ్గర అమ్మా, దగ్గర" అన్నాడు.

మరుసటి ఆదివారం లైబ్రరీలో ఇంకా పెద్ద నిఘంటువు తీయించాను. అన్ని అర్థాల మధ్య ఎవరికీ పట్టనట్టు అదీ ఉంది, సమీపించు అని. అంటే మన గిట్టు, వాళ్ల కిట్ట ఒక తల్లి బిడ్డలే. దగ్గరికి వస్తే దొరుకుతుంది, దగ్గరికి వస్తే కుదురుతుంది. చావుకి అది ఎలా వచ్చిందో మాత్రం పండితులు చెప్పాలి, ఎవరినో చేరుకోవడమే అనుకున్నారేమో పాతకాలం వాళ్లు. మొత్తానికి 'గిట్టదు' అంటే పగ కాదు, కసి కాదు, ద్వేషం కాదు. దగ్గర పడదు అని. మేస్త్రి గారు తనకి అర్థం తెలీదన్న మాటని ఒక్కసారి కూడా తప్పుగా వాడలేదు.

సోమవారం పొద్దున్న ఆయన దగ్గరికి వెళ్లి, నాలుగడుగుల దూరంలోనే ఆగి చెప్పాను. ఓడిపోయానని కూడా చెప్పాను. ఆయన కత్తి సానరాయి మీద నూరుతూ అంతా విన్నారు. ఆ తర్వాత అన్న మాటలు నాకు అక్షరం పోకుండా గుర్తున్నాయి, ఎందుకంటే నాతో ఆయన అంత పొడుగు ఎప్పుడూ మాట్లాడలేదు.

"అందుకే నిన్ను ఆ చివర కూచోబెట్టాను. పక్కన ఉంటే నీ మీద కోపం వస్తాది నాకు. నీ గొంతు పడదు, నువ్వు ప్రశ్నలెయ్యడం పడదు. కోపంలో పని చెప్తే సగం దాచేసుకుంటాం, మనకే తెలీదు. దూరంగా ఉంటే నువ్వు పని చేసే మనిషివి, అంతే. నువ్వు రాసిన ఆ ద్వేషం ఉంది చూడు, అది దూరంగా ఉండదు. ఎనకాలే తిరుగుతాది, ఇంటికొచ్చి కూడా కూచుంటాది. అది నాకొద్దు."

మా పాస్టరు అయ్యగారు చర్చిలో శత్రువుని కూడా ప్రేమించాలని చెప్పేవారు. చిన్నప్పటి నుంచీ వింటున్నాను, ఎప్పుడూ నా వల్ల కాలేదు. కాలేదని ప్రతి ఆదివారం నేరం చేసినదానిలా తల దించుకుని కూర్చునేదాన్ని. వీర్రాజు గారు నన్ను ప్రేమించలేదు, ప్రేమించాలని ప్రయత్నించలేదు కూడా. నాకు రావలసింది మాత్రం ఒక్క పుల్ల తగ్గించలేదు. ప్రేమించడం చేతకాని వాళ్లకి కూడా ఒక దారి ఉందని అప్పుడు నాకు తెలిసింది. అది చిన్నదే, నడవగలిగిన దారి.

దసరాకి ముందు నా పదో అంటు చిగురేసింది. ఈసారి మధ్యలో నూకాలమ్మ లేదు, పది తొట్లూ నేనే మోసుకెళ్లి ఆయన ముందు పెట్టాను. తిప్పి తిప్పి చూసి, "బతుకుతాయి," అన్నారు. వెళ్లిపోవాల్సిన రోజు అదే. నేను వెళ్లి మళ్లీ ఆ చివర తలుపు దగ్గర నా పీట మీద కూర్చుని కత్తి తీశాను. ఆయన ఒకసారి చూశారు, మొహం ముడుచుకున్నారు, నూకాలమ్మ చేత నాకు ఒక పుల్లల కట్ట పంపారు. అలా ఉండిపోయాను. తర్వాత మరో నలుగురు ఆడవాళ్లు కత్తి పట్టుకున్నారు, వాళ్లందరినీ ఆయన పక్కనే కూచోబెట్టుకుని నేర్పారు. తలుపు దగ్గర చోటు నాదే.

పదకొండో ఏట ఆయన చేతులు వణకడం మొదలైంది. ముందు టేపు జారేది, తర్వాత కత్తి. ఒక మధ్యాహ్నం భోజనాలయ్యాక రావుగారు షెడ్డులోకి వచ్చి, మేస్త్రి గారి తర్వాత ఎవరో ఆయన్నే చెప్పమన్నారు. అందరూ అక్కడే ఉన్నారు. సూరిబాబు తల దువ్వుకుని వచ్చాడు ఆ రోజు, అది నాకు బాగా గుర్తు. సూరిబాబుకే ఇస్తారని షెడ్డంతా అనుకుంటోంది, నేనూ అనుకుంటున్నాను. కానీ నాకు ఆ పని కావాలి, ఆకలేసినట్టు కావాలి. అంతకాలం పట్టుదలతో ఉన్నది దాని కోసమేనని ఆ నిమిషంలోనే నాకు తెలిసింది. అడగడానికి నోరు రాలేదు. నా జీవితంలో నోరు రాని సందర్భాలు తక్కువ.

వీర్రాజు గారు చేతిలో కత్తి సానరాయి మీద పెట్టారు. "సూరిబాబంటే నాకు ప్రాణమండి," అన్నారు. "నా చేతుల్లో పెరిగాడు. తొందరెక్కువ, చెక్కిన పుల్ల మళ్లీ చెక్కుతాడు." తర్వాత షెడ్డు ఆ చివరికి, నా వైపు చూశారు. "ఆ పిల్ల నాకు గిట్టదండి. ఇప్పటికీ గిట్టదు. కత్తి ఆ పిల్లకే ఇవ్వండి."

సూరిబాబు మొహం తెల్లబోయింది. నెల్లాళ్లు నాతో మాట్లాడలేదు, వాళ్ల మామయ్యతో ఇంకా ఎక్కువ కాలం మాట్లాడలేదు. ఆ పెద్దాయన ఇంట్లో ఎంత నలిగిపోయి ఉంటారో నాకు తెలుసు. ప్రాణమైనవాణ్ణి బాధపెట్టి, గిట్టనిదానికి పీట వెయ్యడం మాటలు కాదు. నేను ఆయన దగ్గరికి వెళ్లి ఏదో అనబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టి, "పనయ్యాక సానరాళ్లు కడిగి పెట్టు," అన్నారు. థాంక్స్ చెప్పనివ్వలేదు, ఇప్పటికీ అది నాలోనే ఉండిపోయింది.

ఆయన పోయే ముందు ఒక్కసారే వాళ్లింటికి వెళ్లాను. నన్ను చూసి మంచం మీద నుంచి లేవబోయి, లేవలేక, వాకిట్లో స్తంభం చూపించి, "అక్కడ కూచో," అన్నారు. కూర్చున్నాను. మేం ఎప్పుడూ ఉండేంత దూరమే. గుమ్మం పక్క తొట్లో ఒక మామిడి అంటు ఉంది, దానికి టేపు ఇంకా విప్పలేదు, కాండాన్ని కోసేస్తోంది. ఆయన చూపు దాని మీదే ఉంది. నేను లేచి దగ్గరికి వెళ్లి, గోటితో టేపు విప్పి తీశాను. అతుకు బాగా కూడింది. ఆయన "ఊ" అన్నారు. అది నాకు చివరి పాఠమో, చివరి తనిఖీనో తెలీదు. పది రోజులకి కబురొచ్చింది.

ఇప్పుడు సాయంత్రం నాలుగైంది. మేస్త్రి గారు కూర్చునే ఈ చివరే నేనూ కూర్చుంటాను, కళావతి నా పక్క పీట మీదే ఉంది. మూడేళ్ల నుంచి మా దగ్గర ఉంది. పనిచేస్తున్నంతసేపూ పాడుతుంది, అదీ శ్రుతి లేకుండా. నేను ఒకటి చెబితే రెండు అంటుంది. వాళ్ల ఆడపడుచు సంగతులన్నీ షెడ్డుకి మోసుకొస్తుంది. ఆమె నవ్వు వింటే నాకు తల నొప్పి వస్తుంది. ఈ మూడేళ్లలో ఆమె కట్టిన అంటు టేపు విప్పి చూసినప్పుడు గాలి ఉన్నది రెండో మూడో. నా కంటే నయం, ఇది ఒప్పుకోవడానికి పొద్దుటి నుంచి ఇంత రాయాల్సొచ్చింది.

సుధగారికి ఫోన్ చేశాను. పేరు చెప్పాను. ఆవిడ ఆశ్చర్యపోయి, మీకు ఆమెతో పడదని విన్నానే అన్నారు. పడదండీ, ఆమె పేరే రాసుకోండి అని పెట్టేశాను. తర్వాత కళావతికి చెప్పాను. ఆమె చేతిలో టేపు అలాగే ఉంది, పాట ఆగింది.

"నేనంటే మీకు గిట్టదనుకున్నానండి," అంది.

"గిట్టదు," అన్నాను. "రేపటి నుంచి ఆ చివర తలుపు దగ్గర కూచో. కొత్త షెడ్డు లేచేలోపు నీకు నేర్పాల్సినవి ఇంకా నాలుగున్నాయి."

రేపటిదాకా ఆగకుండా అప్పుడే పీట తీసుకుని ఆ చివరికి వెళ్లింది. కూర్చుంటూనే మళ్లీ పాట మొదలుపెట్టింది. నేను తడిగోనె విప్పి, కన్ను బాగా పొంగిన పుల్లలు ఒక్కొక్కటే ఏరి, కట్ట కట్టి ఆమెకి పంపాను.